ఆసుపత్రిలో పనిచేసేవారికి డాక్టరు ఎవరు?



కోవిడ్ కాలంలో డ్యూటీలో ఉంటూ జబ్బు అంటుకుని పోయిన ఆసుపత్రి ఉద్యోగుల జ్ఞాపకార్థం ఏర్పాటైన ఉపన్యాసం ఇది. ఏం మాట్లాడాలో నిర్వాహకులు నాకే వదిలేశారు. పోయినవాళ్ల త్యాగాన్ని పొగడటం తేలిక. 2020 మార్చిలో చప్పట్లు కొట్టాం, మే నెలలో హెలికాప్టర్లతో ఆసుపత్రుల మీద పూలు చల్లించాం. ఆ పని అప్పుడే అయిపోయింది. నేను ఈ సాయంత్రం పోస్టుల గురించి మాట్లాడతాను. మంజూరైన పోస్టులు, మంజూరు కాని పోస్టులు, అసలు ఎవరూ అడగని పోస్టులు. విసుగ్గా అనిపిస్తే క్షమించండి. బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవలో ఆక్యుపేషనల్ హెల్త్ విభాగంలో ఉద్యోగం చేసినవాణ్ణి, నాకు తెలిసిన విద్య ఇదే.

అక్కడ నా పేషెంట్లందరూ ఆసుపత్రి ఉద్యోగులే. సర్జన్లు, నర్సులు, పోర్టర్లు, వంటవాళ్లు, ల్యాబ్ టెక్నీషియన్లు. మా విభాగం చూసేవి రెండే రెండు. పని వల్ల మనిషికి ఏమవుతోంది, ఆరోగ్యం ఇప్పుడున్న స్థితిలో ఆ మనిషి ఏ పని చేయగలరు. మందులు రాయడం దాదాపు ఉండదు. అందుకే మా వాళ్లని సాటి డాక్టర్లు సగం డాక్టర్లుగా చూస్తారు. ఆ సంగతి పక్కన పెడదాం.

రాత్రి రెండు గంటలకు వార్డులో ఒక స్టాఫ్ నర్సుకి వాడిన సూది గుచ్చుకుందనుకోండి. ఆ పేషెంటుకి ఏముందో ఆమెకి తెలియదు. హెచ్‌ఐవీ ఉంటే అది ఆమెకి సోకే అవకాశం వెయ్యికి మూడు పాళ్లు. హెపటైటిస్ సి అయితే నూటికి రెండు దాకా. హెపటైటిస్ బి తీవ్రంగా ఉన్న పేషెంటు అయి, ఈమె టీకా వేయించుకోకపోతే నూటికి ముప్ఫై దాకా పోవచ్చు. హెచ్‌ఐవీకి ముందు జాగ్రత్త మందు వీలైతే గంటల్లోనే మొదలుపెట్టాలి. 72 గంటలు దాటాక ఇచ్చి ప్రయోజనం లేదు. మొదలుపెట్టాక 28 రోజులు ఆపకుండా మింగాలి. క్యాజువాల్టీ డ్యూటీ డాక్టరు మొదటి మాత్ర ఇస్తారు. మన దగ్గరా ఇస్తారు, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) మార్గదర్శకాలున్నాయి. మరి మర్నాటి నుంచి ఆమె ఎవరి పేషెంటు? అయిదో రోజున వికారంతో మాత్రలు మానేస్తానంటే నచ్చజెప్పేదెవరు? ఆరు వారాలకు, మూడు నెలలకు రక్తపరీక్షకి పిలిచేదెవరు? ఇంట్లో భర్తకి ఏం చెప్పాలో తెలియక నలిగిపోతుంటే తలుపు వేసి మాట్లాడేదెవరు? ఆ సూదుల డబ్బా నిండిపోయినా ఎందుకు మార్చలేదని మర్నాడు వార్డుకి వెళ్లి అడిగేదెవరు?

ఈ ప్రశ్నలన్నిటికీ జవాబుగా ఒక మనిషి, ఒక గది, ఒక ఫోను నంబరు ఉంటే దాన్నే ఆక్యుపేషనల్ హెల్త్ సర్వీసు అంటారు. లేకపోతే అదంతా రెసిడెంట్ మెడికల్ ఆఫీసరు, ఆర్‌ఎంఓ గారి నెత్తిన పడుతుంది. ఆయన నెత్తిన ఇప్పటికే లిఫ్టు రిపేరు నుంచి వీఐపీ పరామర్శ దాకా ఉంటాయి.

మన ఉద్యోగులకు ఈహెచ్ఎస్ ఆరోగ్య పథకం కార్డు ఉంది కదా, ఔట్‌సోర్సింగ్ వాళ్లకి ఈఎస్ఐ ఉంది కదా అంటారు. ఉన్నాయి, ఉండాలి కూడా. అవి జబ్బు చేశాక బిల్లు కట్టే ఏర్పాట్లు. 2020 మార్చిలో కేంద్రం ప్రకటించిన 50 లక్షల రూపాయల బీమా కూడా అంతే, మనిషి పోయాక ఇంటికి వచ్చే డబ్బు. ఆశా కార్యకర్తలతో సహా 22 లక్షల మందికి పైగా దాని కిందికి వచ్చారు. అంతమందికి బీమా లెక్క కట్టగలిగిన మనం, వాళ్లలో ఎవరికి మధుమేహం ఉంది, ఎవరిని కోవిడ్ వార్డు నుంచి తప్పించాలి అన్నది చూసే మనిషిని ఎక్కడా కూర్చోబెట్టలేదు.

బ్రిటన్‌లోనూ మొదట్లో ఇదే లోటు. వాళ్ల జాతీయ ఆరోగ్య సేవ, ఎన్‌హెచ్‌ఎస్, 1948 జూలై 5న మొదలైంది. తొట్టెలో పాప నుంచి మంచాన ఉన్న ముసలివాడి దాకా అందరికీ వైద్యం అన్నారు గానీ పనిచోటు ఆరోగ్యాన్ని మాత్రం అందులో కలపలేదు. అది యజమానుల బాధ్యతనీ, కార్మిక శాఖ వ్యవహారమనీ బయటే ఉంచారు. విచిత్రం ఏమిటంటే అదే 1948లో మనమూ అదే చేశాం. భోర్ కమిటీ రెండేళ్ల ముందే పారిశ్రామిక ఆరోగ్యం గురించి ప్రత్యేకంగా రాసింది. మనం మాత్రం కార్ఖానాల చట్టం, ఈఎస్ఐ చట్టం రెండూ ఆ ఏడే తెచ్చి కార్మిక శాఖకు అప్పగించాం. ఆసుపత్రి ఆరోగ్య శాఖది, కార్ఖానా కార్మిక శాఖది. ఆసుపత్రి కార్ఖానా కాదు కాబట్టి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు గడప తొక్కేవాడు కాదు. ఆరోగ్య శాఖ దృష్టి ఎలాగూ రోగుల మీదే. ఈ రెండు శాఖల మధ్య సందులో పడిపోయింది ఆసుపత్రి ఉద్యోగి.

ఆ సందును పూడ్చడానికి బ్రిటన్‌కి చాలా ఏళ్లు పట్టింది. 1968లో టన్‌బ్రిడ్జ్ కమిటీ ఆసుపత్రి సిబ్బంది ఆరోగ్య సంరక్షణ మీదే ఒక నివేదిక ఇచ్చింది. వీళ్లకంటూ ఒక సేవ ఉండాలని చెప్పింది. తర్వాత విభాగాలు ఒక్కొక్కటే పుట్టాయి, ఎక్కడ మేనేజ్‌మెంటుకి మనసుంటే అక్కడ. 1974లో పనిచోటు భద్రతా చట్టం వచ్చింది. అయితే ప్రభుత్వ ఆసుపత్రులు రాచరికపు ఆస్తులు, వాటి మీద ఆ చట్టం కింద కేసు పెట్టడానికి వీల్లేదు. ఇన్‌స్పెక్టరు వచ్చి తప్పులు రాసుకుని వెళ్లేవాడు, అంతే. ఆ మినహాయింపు పోవడానికి ఒక విషాదం కావలసి వచ్చింది. 1984 ఆగస్టులో వేక్‌ఫీల్డ్‌లోని స్టాన్లీ రాయిడ్ మానసిక వైద్యశాలలో తిండి విషతుల్యమై 19 మంది రోగులు చనిపోయారు. వంటశాల అధ్వాన్నంగా ఉందని తేలినా కోర్టుకి లాగే దారి లేదు. పార్లమెంటులో గొడవ జరిగి 1986 సవరణ చట్టంతో ఆహారం విషయంలోనూ, సిబ్బంది భద్రత విషయంలోనూ ఆసుపత్రుల మినహాయింపు రద్దయింది. ఆక్యుపేషనల్ హెల్త్‌లో పోస్టులకు కదలిక రావడానికి ఏ మహా నివేదిక కన్నా ఈ సవరణే ఎక్కువ కారణమని నా అభిప్రాయం. కేసు పడుతుందన్న భయం చేసిన పని, సలహాలు చేయలేకపోయాయి.

పోస్టులు పెరిగితే సరిపోతుందా? ఆ మనుషులు ఏం చేస్తున్నారన్నది ఇంకో కథ. 1991లో గ్రాంథమ్ ఆసుపత్రిలో ఒక నర్సు పిల్లల వార్డులో నలుగురు పిల్లల్ని చంపింది. ఆ దారుణంపై విచారించిన క్లోథియర్ కమిటీ 1994లో, నర్సుల్ని ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడు వాళ్ల ఆరోగ్య చరిత్ర, సెలవుల చరిత్ర పరిశీలించాలంది. సిఫారసులో తప్పులేదు. కానీ ఆ తర్వాత ఏళ్ల తరబడి మా విభాగాల్లో నర్సుల సమయం ప్రశ్నావళులు చదివి ముద్రలు వేయడానికే పోయింది. వార్డుల్లో తిరిగి, ఎత్తలేని రోగిని ఇద్దరే నర్సులు ఎందుకు ఎత్తుతున్నారో చూడాల్సినవాళ్లు బల్లల ముందు కూర్చున్నారు. ఎంతమంది ఉన్నారన్న లెక్క ఎప్పుడూ సగం నిజమే చెబుతుంది.

2009లో డాక్టర్ స్టీవెన్ బూర్మన్ నివేదిక వచ్చింది. ఈ రంగంలో నేను అందరికీ చదవమని ఇచ్చేది అదే. ఇంగ్లండులో ఎన్‌హెచ్‌ఎస్ సిబ్బంది అనారోగ్యం వల్ల ఏడాదికి 1 కోటి 3 లక్షల పనిదినాలు పోతున్నాయనీ, ఖర్చు 170 కోట్ల పౌండ్లనీ ఆయన లెక్క కట్టాడు. అందులో మూడో వంతు తగ్గించగలిగితే 34 లక్షల రోజులు తిరిగి వస్తాయి, అంటే 14,900 మంది పూర్తికాలపు ఉద్యోగులు కొత్తగా దొరికినట్టు. ఆదా 55 కోట్ల 50 లక్షల పౌండ్లు. సెలవుల్లో పెద్ద వాటా నడుం నొప్పులది, మానసిక ఒత్తిడిది. రెండూ తొందరగా పట్టుకుంటే తగ్గేవే. ఆర్థిక శాఖ వాళ్లకి కరుణ గురించి చెప్పి ప్రయోజనం లేదని బూర్మన్‌కి బాగా తెలుసు.

తర్వాతి ఏడాది మా విభాగాలకి నాణ్యతా ప్రమాణాలూ, గుర్తింపు పద్ధతీ వచ్చాయి. అయినా మనుషుల కొరత తీరలేదు. ఈ వైద్య విభాగంలో స్పెషలిస్టు కావడానికి ఏళ్ల శిక్షణ కావాలి. కుర్ర డాక్టర్లకి దీని మీద మోజు లేదు. అనుభవమున్న నర్సులు రిటైరవుతున్నారు. చాలా ఆసుపత్రి ట్రస్టులు సేవను ప్రైవేటు కంపెనీలకి టెండరుకి ఇచ్చాయి. కాంట్రాక్టు మారినప్పుడల్లా నర్సమ్మ ఫైలు ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి పోవాలి. చలికాలం వస్తే ఫ్లూ టీకా లక్ష్యాలు. 2016–17లో అయితే ముందువరుస సిబ్బందిలో 75 శాతానికి టీకా వేస్తేనే ట్రస్టుకి పూర్తి డబ్బు. లెక్కపెట్టగలిగిన పని లెక్కపెట్టలేని పనిని తినేస్తుంది. టీకాల కోసం నర్సులు వార్డులకు వెళ్లిపోతే, మూడు నెలలుగా సెలవులో ఉన్న ఫిజియోథెరపిస్టు అపాయింట్‌మెంటు ఇంకా వెనక్కి పోతుంది. 2022 నవంబరులో ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండు ఈ రంగాన్ని పెంచడానికే అయిదేళ్ల ప్రణాళిక ప్రకటించాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోండి.

ఈ కొరత దెబ్బ మన పిల్లలకీ తగులుతోంది. గుంటూరులోనో వరంగల్‌లోనో చదివి, ప్లాబ్ అనే అక్కడి అర్హత పరీక్ష రాసి, ఇంగ్లండులో ఉద్యోగం తెచ్చుకున్న అబ్బాయి మొదట దాటాల్సిన గడప ఆక్యుపేషనల్ హెల్త్ క్లియరెన్సే. హెపటైటిస్ బి యాంటీబాడీల కాగితం, తట్టు, ఆటలమ్మ టీకాల వివరాలు, టీబీ రక్తపరీక్ష, సర్జరీలోకి వెళ్లాలంటే ఇంకొన్ని పరీక్షలు. ఆ గదిలో మనిషి తక్కువైతే ఇతను అద్దె కడుతూ జీతం లేకుండా కూర్చుంటాడు. ఇక్కడ చదివినన్నాళ్లూ రోజూ రక్తంలో చేతులు పెట్టినవాడికి తన యాంటీబాడీ స్థాయి ఎంతో మొదటిసారి తెలిసేది అక్కడే. ఈ మాట నేను వెటకారంగా అనడం లేదు. చాలామంది విషయంలో ఇదే జరుగుతుంది.

2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో బ్రిటన్‌లో కోవిడ్‌తో చనిపోయిన మొదటి పది మంది డాక్టర్లూ ఆసియా, ఆఫ్రికా, అరబ్బు మూలాలవాళ్లే. ఏప్రిల్ నెలాఖరుకి, అల్పసంఖ్యాక వర్గాల సిబ్బంది ప్రతి ఒక్కరికీ ప్రమాద అంచనా వేయమని ఆదేశాలొచ్చాయి. పది లక్షల పైచిలుకు ఉద్యోగులున్న సంస్థలో అంత పని చేయడానికి మా విభాగాల్లో అంతమంది ఎక్కడున్నారు? ఫారాలు వార్డు మేనేజర్ల చేతికి పోయాయి. తన షుగరు సంగతి, తన మందుల సంగతి పై అధికారికి చెప్పుకోవడానికి ఎవరు ఇష్టపడతారు? ఉద్యోగం వీసాతో ముడిపడినవాడు అసలు చెప్పడు.

ఈ గోప్యత అన్నది అలంకారం కాదు, ప్రాణాలతో పని. 2000లో లండన్‌లో భారతీయ మూలాలున్న ఒక యువ మానసిక వైద్యురాలు ప్రసవానంతర కాలంలో తీవ్రమైన జబ్బుతో తన బిడ్డతో సహా చనిపోయింది. ఆమెకి ఎంతోకాలంగా మానసిక వ్యాధి ఉంది. తోటి డాక్టర్లకి తెలిస్తే ఉద్యోగం పోతుందన్న బెరుకు ఆమెను వెంటాడింది. 2003లో వచ్చిన విచారణ నివేదిక డాక్టర్లు రోగులైతే వాళ్లకు అందే సంరక్షణ ఎంత పలచగా ఉందో చూపించింది. డాక్టర్ల కోసం ప్రత్యేక రహస్య వైద్యసేవ 2008లో లండన్‌లో మొదలైంది. అందుకే నేను చెప్పే పోస్టు సూపరింటెండెంటు గారి కింది గుమస్తా పోస్టు కాకూడదు. ఆయనకి మా దగ్గర నుంచి వెళ్లే కాగితంలో జబ్బు పేరు ఉండదు. ఈ ఉద్యోగి పనికి తగును, ఫలానా మార్పులతో తగును, ఇప్పట్లో తగదు, ఈ మూడింటిలో ఒకటే ఉంటుంది. ఆ కాగితం కూడా ఉద్యోగి చూసి, ఒప్పుకున్నాకే పోతుంది.

ఇక మన దగ్గరికొద్దాం. భోపాల్ విషవాయువు దుర్ఘటన తర్వాత, 1987లో, కార్ఖానాల చట్టంలో ప్రమాదకర ప్రక్రియల అధ్యాయం చేరింది. దాన్ని అనుసరించి వచ్చిన నమూనా నియమాలు డాక్టర్ల సంఖ్యను అంకెల్లో చెప్పాయి. 50 మంది లోపు కార్మికులుంటే బయటి డాక్టరుతో ఒప్పందం. 200 లోపు ఉంటే వారానికి కనీసం రెండుసార్లు వచ్చే డాక్టరు. అది దాటితే, 500 దాకా పూర్తికాలం డాక్టరు ఒకరు, ఆపైన ప్రతి వెయ్యి మందికీ, అందులో భాగానికీ ఇంకొకరు. అంటే 2,000 మంది పనిచేసే రసాయన కర్మాగారానికి ముగ్గురు డాక్టర్లు. ఈ నియమం కాగితం మీద ఎంత, పరవాడ, పటాన్‌చెరు కర్మాగారాల్లో ఎంత అన్నది ఇంకో సభలో మాట్లాడుకోవాల్సిన విషయం. కాగితం మీదైనా రాశారు. అదే 2,000 మంది పనిచేసే ప్రభుత్వ బోధనాసుపత్రికి ఇలాంటి అంకె కాగితం మీద కూడా లేదు. మంచాలను బట్టి నర్సుల్ని లెక్కిస్తాం, విద్యార్థి సీట్లను బట్టి ప్రొఫెసర్లను లెక్కిస్తాం. ఉద్యోగులను బట్టి లెక్కించే పోస్టు ఒక్కటీ లేదు.

పని మాత్రం చట్టంలో ఉంది. 2016 జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం ఆ వ్యర్థాలను ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. చేరేటప్పుడూ, ఆపైన ఏడాదికి ఒకసారీ ఆరోగ్య పరీక్ష చేయాలి. అలాగే ఈఎస్ఐ చట్టం మూడో షెడ్యూలు వృత్తి వ్యాధుల జాబితాలో మొట్టమొదట రాసినవి, ఆరోగ్య సేవల్లోనూ ప్రయోగశాలల్లోనూ పనివల్ల సోకే అంటువ్యాధులే. వార్డు ఆయాకి టీబీ వస్తే పరిహారం అడిగే హక్కు ఉంది. చేరిన రోజున ఆమె ఊపిరితిత్తులు బాగున్నాయని రాసిన కాగితం ఎవరి దగ్గరా ఉండదు, అంతే. హక్కు షెడ్యూలులోనే ఉండిపోతుంది.

మరి ఎంతమంది కావాలి? నేనొక లెక్క వేస్తాను, మీరు తప్పులు పట్టండి. 2,000 మంది సిబ్బంది అనుకుందాం. ఏటా ఒక పరీక్ష, మనిషికి 20 నిమిషాలు. అది 667 గంటలు. రోజుకి ఆరు గంటలు మనుషుల్ని చూస్తే 111 రోజులు. హౌస్ సర్జన్లు, పీజీలు, కొత్త నర్సులు కలిపి ఏడాదికి 400 మంది చేరతారనుకుంటే, ఒక్కొక్కరికి హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, చివర్లో యాంటీబాడీ పరీక్ష. నాలుగుసార్లు రావాలి, రాకకి పది నిమిషాలు. ఇంకో 44 రోజులు. దీర్ఘకాలం సెలవులో ఉన్నవాళ్లు, పని మార్పు కోరేవాళ్లు వారానికి నలుగురు వస్తే, చూడటానికీ ఉత్తరం రాయడానికీ కలిపి గంట చొప్పున 35 రోజులు. మొత్తం 190. ఒక మనిషి సెలవులు పోను ఏడాదికి 230 రోజులకు మించి పనిచేయలేరు. సూది గాయాలు, ఎన్‌–95 మాస్కు ముఖానికి సరిపోయిందో లేదో పరీక్షించడం, వార్డులో టీబీ బయటపడితే దగ్గర్లో పనిచేసినవాళ్లని వెతకడం, ఆపరేషన్ థియేటర్లో గాలి సంగతి, రాత్రి డ్యూటీల పట్టిక, ఇవింకా మొదలే కాలేదు. అసలైన నివారణ ఉన్నది వీటిలోనే. అందుకని నా అంచనా 2,000 మందికి ఒక డాక్టరు, ముగ్గురు నర్సులు, రికార్డులకి ఒక గుమస్తా. కర్మాగారాల నియమంతో పోలిస్తే నేను డాక్టర్లని తక్కువే అడుగుతున్నాను. ఈ పనిలో ఎక్కువ భాగం శిక్షణ పొందిన నర్సు డాక్టరు కన్నా బాగా చేస్తుంది. బ్రిటన్‌లో ఇన్నాళ్లూ ఈ సేవను మోసింది నర్సులే. చిన్న ఆసుపత్రులకీ, పీహెచ్‌సీలకీ, ఏఎన్ఎంలకీ, ఆశాలకీ కలిపి జిల్లాకి ఒక సంచార బృందం ఉంటే చాలు.

డాక్టర్లు ఎక్కడ దొరుకుతారు? పారిశ్రామిక ఆరోగ్యంలో మూడు నెలల ఏఎఫ్ఐహెచ్ కోర్సు ఉంది, కంపెనీ డాక్టర్లు చేస్తున్నారు. ప్రతి మెడికల్ కాలేజీలో సామాజిక, నివారణ వైద్యం నేర్పే ఎస్పీఎం డిపార్టుమెంటు ఉంది. అక్కడున్నవాళ్లకి ఈ పని రాకపోవడమేమీ లేదు. నేను భయపడేది ఒక్కదానికే. ఉత్తర్వు వస్తుంది, పోస్టు రాదు. ఎవరో అసిస్టెంటు ప్రొఫెసరుకి అదనపు బాధ్యతలు అప్పగిస్తారు, గది తలుపు మీద బోర్డు రాయిస్తారు. ఇన్‌ఛార్జిలతో నడిచే సేవ ఎంత దూరం నడుస్తుందో ఈ హాలులో నేను చెప్పక్కర్లేదు.

రోగులకే డాక్టర్లు లేరు, ఖాళీలే నిండటం లేదు, ఉద్యోగులకు వేరే డాక్టరా అని అడగబోతున్నారు. ఖాళీ అంటే నోటిఫికేషన్ రాని పోస్టు ఒక్కటే కాదు. డిస్క్ జారి మూడు నెలలుగా రాని సిస్టరు కూడా ఖాళీయే, హాజరు పట్టీలో కనిపించదంతే. బూర్మన్ లెక్క అంతా ఆ ఖాళీల గురించే. మన రాష్ట్రాల్లో ఆ లెక్క ఎవరైనా వేయాలి, అందుకు సెలవు దరఖాస్తులు కంప్యూటర్లో ఉన్నాయి కూడా.

ఇక్కడున్న సూపరింటెండెంట్లు పోస్టుల కోసం ఆగకుండా చేయగలిగిన పని ఒకటుంది. మీ ఆసుపత్రిలో సూదులు ఎక్కువగా గుచ్చుకునేవాళ్లలో పారిశుధ్య కార్మికులున్నారు. వాళ్లు ఏజెన్సీ మనుషులు. టెండరు మారితే ఏజెన్సీ మారుతుంది, మనుషులు ఎక్కువగా వాళ్లే ఉంటారు. టీకా రెండు డోసులు వేసిన కార్డు పాత ఏజెన్సీతో పోతుంది. బ్రిటన్‌లో ప్రమాదకర పదార్థాలతో పనిచేసేవాళ్ల ఆరోగ్య రికార్డును 40 ఏళ్లు దాచాలన్నది చట్టం. అంత అక్కర్లేదు, ముందు ఆ రికార్డు ఏజెన్సీది కాక ఆసుపత్రిదని టెండరు షరతుల్లో రాయించండి. నెలనెలా బిల్లు పాస్ చేసేటప్పుడు పీఎఫ్, ఈఎస్ఐ చలానాలు అడుగుతున్నారు కదా. వాటితోపాటు టీకాల జాబితా కూడా అడగండి, మూడో డోసు తేదీతో సహా.